పంపేసే వీలు తగ్గించుకున్న బడి

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వాలా వాలా అనే చిన్న పట్టణం ఉంది. గోధుమ చేలకు, తియ్యటి ఉల్లిగడ్డలకు, ద్రాక్ష తోటలకు పేరు. ఆ రాష్ట్రపు పాత జైలు కూడా అక్కడిదే. ఆ ఊళ్లోని లింకన్ హైస్కూలు ప్రభుత్వ బడే కానీ మామూలు బడి కాదు. పెద్ద స్కూళ్లలో ఇమడలేక, కొట్లాటల్లో ఇరుక్కుని, తరగతులు ఎగ్గొట్టి, చివరికి అక్కడ చెల్లనివాళ్లుగా తేలిన పిల్లలు చేరే ప్రత్యామ్నాయ పాఠశాల. ఉండేది సుమారు 200 మంది. 2009-10లో సస్పెన్షన్ల వల్ల అక్కడి పిల్లలు బడికి దూరమైన రోజులన్నీ కలిపితే 798. బహిష్కరణలు 50. అల్లరి మీద టీచర్లు ఆఫీసుకు రాసి పంపిన ఫిర్యాదులు 600. మరుసటి ఏడాది ఈ మూడూ వరసగా 135, 30, 320కి దిగాయి. 2015లో జేమ్స్ రెడ్‌ఫర్డ్ ‘పేపర్ టైగర్స్’ అనే డాక్యుమెంటరీ తీసింది ఈ బడి మీదే.

ఆ రెండేళ్ల మధ్యలో జరిగింది చెప్పుకోవడానికి చిన్నదే. 2010లో ప్రిన్సిపల్ జిమ్ స్పోర్లెడర్, దీర్ఘకాలపు ఒత్తిడి పిల్లల మెదడును ఏం చేస్తుందో జాన్ మెడీనా అనే శాస్త్రవేత్త వివరించగా విన్నారు. భయంలో బతికే పిల్లవాడి మెదడు పాఠం పట్టించుకునే స్థితిలోనే ఉండదన్నది అందులో సారాంశం. దాని వెనక 1998లో ఫెలిటీ, ఆండా అనే వైద్యులు ప్రచురించిన అధ్యయనం ఉంది. బాల్యంలో హింస, ఇంట్లో తాగుడు, జైలుపాలైన పెద్దలు వంటి చేదు అనుభవాలను లెక్కగట్టి, నాలుగూ అంతకు మించీ ఉన్నవాళ్లకు తాగుడు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నాల ముప్పు ఏవీ లేనివాళ్ల కంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని తేల్చారు. ఆ లెక్కలో ఉన్నది నిరుపేదలు కాదు, శాన్‌డియాగోలో ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతి జనం. లింకన్‌లో ఈ అవగాహన ఒక పద్ధతిగా మారింది. టీచర్‌ను బూతు తిట్టిన కుర్రాణ్ని ఇంటికి తరిమే బదులు ముందు చల్లబడనిచ్చి, ఏం జరిగిందో అడిగారు. శిక్ష పోలేదు. బడిలోనే ఓ గదిలో, ఓ టీచరు ఎదుట కూర్చుని వెనకబడిన చదువు పూర్తిచేయాలి. పక్కనే క్లినిక్, అందులో కౌన్సెలింగ్.

ఈ కథ నుంచి చాలామంది కరుణ అనే పాఠం తీస్తారు. నాకది చాలదనిపిస్తుంది. ఇక్కడ అసలు మార్పు మనసులో కన్నా అధికారంలో వచ్చింది. పంపేయడం చేతిలో ఉన్నంతకాలం ఏ బడికీ పిల్లవాడి గొడవేమిటో తెలుసుకోవలసిన అవసరం రాదు. సమస్య గేటు దాటితే లెక్క సరిపోతుంది. రేపు కూడా వాడు ఇదే బెంచీ మీద కూర్చుంటాడని ఖాయమైన రోజున మాత్రమే, వాడికి రాత్రి నిద్ర ఎందుకు పట్టలేదో కనుక్కోవడం బడి స్వార్థం అవుతుంది. ఆ స్వార్థం కరుణ కన్నా నమ్మదగింది.

సస్పెండ్ చేయడం తగ్గిస్తే సస్పెన్షన్లు తగ్గడంలో వింతేముందని తెలివైన పాఠకుడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. 798 నుంచి 135కి దిగడం ప్రిన్సిపల్ నిర్ణయమే కావచ్చు. కానీ ఫిర్యాదులు రాసేది టీచర్లు. అవి దాదాపు సగమయ్యాయి. టీచర్లే రాయడం తగ్గించుకున్నారనీ అనవచ్చు. ఒక్క బడి, రెండేళ్ల లెక్కలతో శాస్త్రం నిలబడదని నేనూ ఒప్పుకుంటాను.

మిగతా పిల్లల సంగతేమిటన్నది ఇంకా గట్టి అభ్యంతరం. అమెరికాలోనే పిట్స్‌బర్గ్ నగరంలో 44 బడుల మీద ర్యాండ్ అనే పరిశోధన సంస్థ జరిపిన ప్రయోగం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. శిక్షకు బదులు సంభాషణతో గొడవలు తీర్చుకునే పద్ధతిని చీటీలేసి ఎంచిన బడుల్లో పెట్టారు. సస్పెన్షన్ రోజులు తగ్గాయి, బడి వాతావరణం మెరుగైందని టీచర్లు చెప్పారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల చదువు మాత్రం దెబ్బతింది. దీన్ని దాచిపెట్టి వాదించడం నిజాయితీ కాదు. అయితే అవి మామూలు బడులు. లింకన్‌లో పేరుపేరునా తెలిసేంత తక్కువమంది పిల్లలు, పక్కనే వైద్యం. పంపేయడం మానేసి మనుషుల్ని ఇవ్వకపోతే, మిగిలిన భారమంతా క్లాసులో ఉన్న ఒక్క టీచరు నెత్తిన పడుతుంది. పిట్స్‌బర్గ్ ఫలితాన్ని నేను అలా చదువుతాను.

లింకన్‌లా ఇలాంటి పిల్లలకు వేరే బడి పెట్టడమే వెలివేత కదా అంటే, అవును, అయ్యే ప్రమాదం ఉంది. జార్జియా రాష్ట్రం ప్రవర్తన సమస్యలున్న పిల్లలకు వేరే కేంద్రాలు నడుపుతూ వాళ్లను అన్యాయంగా వేరుచేస్తోందని 2016లో అమెరికా న్యాయశాఖ దావా వేసింది. తిరిగి వచ్చే దారి లేని ప్రత్యేక బడి గోదాము అవుతుంది. ఇలాంటి బడిని చూసినప్పుడు ఎందరు చేరారని కాక, ఎందరు పాసై బయటికెళ్లారని, ఎందరు మామూలు బడికి మళ్లారని అడగాలి.

మనకిది దూరపు సంగతి కాదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానాలంది. మంచిదే. కానీ విద్యాహక్కు చట్టం బహిష్కరణను ఆపేది ఎనిమిదో తరగతి దాకానే. మనసు తల్లడిల్లే వయసుకు, అంటే పదికి, ఇంటర్‌కు వచ్చేసరికి టీసీ యాజమాన్యం చేతిలో ఉంటుంది. ఆ కాగితం సొరుగులో సిద్ధంగా ఉన్నచోట కౌన్సెలర్ గది బోర్డుకే పరిమితమవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చట్టంలోని ఆ రక్షణను ఇంటర్ దాకా పొడిగించాలి. మధ్యలో టీసీ ఇచ్చిన ప్రతి కేసుకూ కారణం రాతపూర్వకంగా తెలపాలని కాలేజీలను ఆదేశించాలి. అందాకా అడ్మిషన్‌కు వెళ్లే తల్లిదండ్రులు ర్యాంకుల ఫ్లెక్సీ చూడటం అయ్యాక ఇంకో మాట కూడా అడగండి: పోయినేడు చేరినవాళ్లలో ఎందరిని మధ్యలో పంపేశారు?