రికమండేషన్ అంటే సిఫార్సు కాదు

మా అక్క కూతురు లా ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎల్ఎల్ఎంకి అమెరికా వెళ్లాలని దాని కోరిక. కిందటి దసరా సెలవుల్లో మారేడ్‌పల్లిలో మా ఇంటికొచ్చి, "పిన్నీ, నన్ను నేనే పొగుడుకుంటూ ఉత్తరం రాయాలి. నువ్వు తెలుగు బీఏ కదా, సాయం చెయ్యవా?" అంది. రికమండేషన్ లెటర్ అడిగితే వాళ్ల సారు "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నారట.

మా బావగారిది ఇంకో దారి. ఆయన స్నేహితుడికి ఓ పెద్ద లాయరుగారు తెలుసట. ఆయనచేత రాయిస్తే బరువుంటుందట. ఆయన ఈ పిల్ల మొహమైనా చూడలేదు!

బావగారిని అని లాభం లేదు. మన ఇళ్లల్లో రికమండేషన్ అంటే సిఫార్సే. కాలేజీ సీటుకైనా, బదిలీకైనా ముందు "ఎవరైనా తెలుసా?" అనే అడుగుతాం. కానీ ఆ యూనివర్సిటీలు అడిగేది సాక్ష్యం. అమెరికా లా స్కూళ్లు చాలావాటికి దరఖాస్తులు ఎల్‌శాక్ అనే సంస్థ ద్వారా వెళ్తాయి. అక్కడికి ఉత్తరాన్ని రాసినవాళ్లే నేరుగా పంపాలి.

లా చదివే పిల్లకి నేను చెప్పాలా? 1872 నాటి సాక్ష్య చట్టమైనా, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమైనా, చూసిన సంగతిని కళ్లారా చూసినవాళ్లే చెప్పాలంటాయి. మనం మాత్రం తక్కువా? సంబంధం చూసేటప్పుడు "అబ్బాయి బంగారం" అన్న మధ్యవర్తి మాట పక్కనపెట్టి, పక్కింటావిణ్ణి అడగమూ?

అందుకే ఉత్తరం రాయొద్దన్నాను. సారు గొంతుతో తన పొగడ్త తనే రాసుకుంటే అది అబద్ధమే. లాయరు కాబోయే పిల్ల అలాగా మొదలుపెట్టేది?

అయితే అన్ని క్లాసులు చెప్పే సారుకి ప్రతి పిల్లా గుర్తుండాలంటే ఎలా? గుర్తు చేయడం మన పని, మెచ్చుకోవడం ఆయన పని. ఇద్దరం కూర్చుని ఒక కాగితం తయారుచేశాం. ఆయన దగ్గర చదివిన సబ్జెక్టులు, రాసిన ప్రాజెక్టు, అందులో ఆయన పట్టుకున్న తప్పు, దాన్ని దిద్దిన తీరు, ఎల్ఎల్ఎంలో ఏం చదవాలనుకుంటోంది, ఆఖరి తేదీ ఎప్పుడు. అంతే. "కష్టపడుతుంది, తెలివైనది" లాంటి మాటలు ఒక్కటీ లేవు. అవి ఎవరికైనా రాయొచ్చు. గడువుకి నెల ముందే తీసుకెళ్లి ఇచ్చింది.

సారు అది చదివి, "మూట్ కోర్టులో జడ్జి అడిగితే 'తెలియదండీ' అని, మర్నాడు జవాబు వెతుక్కొచ్చి నాకు చూపించింది నువ్వే కదూ?" అని నవ్వారట. తనే రాస్తానన్నారట. పొగడ్తలు పేజీ నిండా ఉన్నా ఈ ఒక్క సంగతికి సాటిరావు. అది ఆ లాయరుగారికి ఎలా తెలుస్తుంది?

సారు ఉత్తరం పంపేశారు. అందులో ఏముందో మాకు తెలియదు. మన పిల్ల గురించి మనం రాయించని మంచిమాట ఒకరు రాశారంటే, తల్లులకి అంతకన్నా ఏం కావాలి?