పాత ఉద్యోగం దాచుకోవాలా?

మన సినిమాల్లో ఇంటర్వ్యూ సీను మీరు చూసేవుంటారు. హీరో చేతిలో ఫైలు. బల్లకవతల ముగ్గురు పెద్దమనుషులు. వాళ్ళేదో అడ్డదిడ్డమైన ప్రశ్న వేస్తారు, హీరోకి ఒళ్ళు మండుతుంది, నాలుగు డైలాగులు దులిపేసి బయటికొచ్చేస్తాడు. హాల్లో ఈలలు! 1981లో వచ్చిన బాలచందర్ ‘ఆకలి రాజ్యం’లో నిరుద్యోగి కమల్‌హాసన్ ఢిల్లీ అంతా తిరిగి తిరిగి చివరికి సెలూన్లో కత్తెర పట్టాడు.

ఈమధ్య నాకొస్తున్న ఉత్తరాల్లో బాధ వేరు. ఉద్యోగం లేక కాదు, వున్నది వదిలి వేరే లైన్లోకి వెళ్ళాలని. ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం సంగతి ఏం చెప్పాలి, దాచేస్తే పోలా అని విజయనగరం నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

దీనికి నాకు తెలిసిన జవాబు మా ఊరి సినిమా హాలు ఆపరేటరు. పేరు రాయొద్దన్నాడు.

ఆపరేటరంటే స్విచ్చి నొక్కేవాడనుకునేరు! 35 మి.మీ. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. 2,000 అడుగుల రీలు 22 నిమిషాల్లో ఖాళీ. పక్కపక్కన రెండు ప్రొజెక్టర్లు. తెర మీద కుడివైపు పైమూల చుక్క పడగానే రెండో మెషీను మోటారు వెయ్యాలి, ఇంకో చుక్క పడగానే బొమ్మని దానిమీదికి మార్చెయ్యాలి. ఏమరితే తెర తెల్లబోతుంది, కింద కుర్చీలు విరుగుతాయి. ఈ పని ఆయన ఇరవయ్యేళ్ళ పైన చేశాడు. 2010 దాటాక డిజిటల్ వచ్చింది, రీళ్ళు మూలబడ్డాయి, ఇద్దరు ఆపరేటర్లెందుకని హాలువాళ్ళు ఆయన్ని ఇంటికి పంపేశారు. అప్పటికి నలభై నాలుగేళ్ళు. కూతురు ఇంటర్ చదువుతోంది, ఫీజు రెండో వాయిదా కట్టాలి.

ఒక ప్రైవేటు ఆస్పత్రిలో జనరేటర్లూ, ఏసీలూ చూసుకునే మనిషి కావాలంటే దరఖాస్తు పెట్టాడు. పిలుపొచ్చింది. ముందురోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చాడు. రిహార్సలు వేద్దామన్నాను. నేను ఆఫీసరు, ఆయన అభ్యర్థి.

“ఇన్నాళ్ళూ ఏం చేశారు?”

“సినిమాలు వేశానండీ.”

అయిపోయింది! ఇరవయ్యేళ్ళు రెండు ముక్కల్లో! ఆ తర్వాత పావుగంట హాలు ఓనర్ని తిట్టాడు.

కాగితం తీశాను. కరెంటు పోతే జనరేటరు వేసిందెవరు? “నేనేనండీ. జనం ఈలలు మొదలెట్టేలోపు వెయ్యాలి కదా.” డీజిలు లెక్క రాసిందెవరు? “నేనే.” సెకండ్ షోలో రెక్టిఫయరు మొండికేస్తే? “ఆ టైములో మెకానిక్కు ఎవడొస్తాడండీ, నేనే విప్పేవాణ్ణి.” మరివన్నీ చెప్పరేం అంటే, “అవీ ఒక పనేనా!” అని నవ్వాడు. రోజూ చేసేది మనకి పనిలా కనపడదు. అక్కడ బల్లకవతల కూర్చున్నవాళ్ళకి కావలసింది సరిగ్గా అదే.

ఎందుకు మానేశారంటే ఏం చెప్పాలో ఒక్క వాక్యంలో రాసుకున్నాం: రీళ్ళు పోయాయండీ, మెషీను చూసుకునే పని మాత్రం నా చేతిలోనే వుంది. ఓనరు సంగతి పూర్తిగా కట్!

సాయంత్రం ఆస్పత్రి వెనక టీ కొట్టుకి వెళ్ళాం. ఎన్ని జనరేటర్లు, కరెంటు ఎప్పుడెప్పుడు పోతుంది, అంతా వాచ్‌మన్ చెప్పేశాడు. “ఆపరేషన్ థియేటరూ థియేటరేగా” అని జోకేశాడు ఆపరేటరు. కాస్సేపాగి, “కాకపోతే ఇక్కడ కరెంటు పోతే ఎవరూ ఈలలు వెయ్యరు” అన్నాడు. ఉద్యోగం ఆయనకి ఆ క్షణంలో అర్థమైందని నా నమ్మకం.

అన్నట్టు, కె. విశ్వనాథ్ గారు దర్శకుడు కాకముందు మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండు విభాగంలో పనిచేశారు. 1980 నాటి ‘శంకరాభరణం’ చూస్తే ఆ చెవి దర్శకుడితోపాటే వచ్చిందనిపిస్తుంది నాకు. దాచుకుని వుంటే మనకేగా నష్టం!

జీతం మాట. కొత్త లైన్లో తగ్గొచ్చు. ఎంత తగ్గితే ఇల్లు గడుస్తుందో ఇంట్లోనే లెక్క వేసుకోండి, వాళ్ళ ముందు వేళ్ళు మడవకండి. రాని పని వచ్చనొద్దు. ఏసీ గ్యాసు పని మనవాడికి రాదు. అదే చెప్పాడు. ఆ వెంటనే, కార్బన్ కడ్డీలు పోయి జినాన్ ల్యాంపు వచ్చినప్పుడు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నానన్నాడట.

మేం రిహార్సలు వెయ్యని ప్రశ్న ఒకటొచ్చింది. బోర్డులో ఇంజినీరు పాతికేళ్ళ కుర్రాడు. “నేను చెబితే వింటారా?” అన్నాడు. “చుక్క ఎంతుంటుంది సార్? అది పడిందంటే మార్చేవాణ్ణి” అన్నాడట మనవాడు. ఆ కుర్రాడు నవ్వాడో, అర్థంకాక చూశాడో ఆయనకీ గుర్తులేదు. ఉద్యోగమైతే ఇచ్చారు. మొదట్లో జీతం హాలు కంటే తక్కువే, పైగా రాత్రి డ్యూటీ. ఫీజుకి మాత్రం ఇబ్బంది రాలేదు.

విజయనగరం తమ్ముడూ! మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా అయిదేళ్ళు డాక్టర్ల గుమ్మాల ముందు కూర్చోవడమే సరిపోయిందని రాశావు. ఎంతమంది డాక్టర్లు, ఎవరు ఏ వేళకి దొరుకుతారు, కసిరినవాళ్ళ దగ్గరికి రెండోసారి ఏం చెప్పి వెళ్ళావు, అన్నీ కాగితం మీద పెట్టు. పెట్టి గట్టిగా చదువు, మీ అక్కయ్యని ఆఫీసరుగా కూర్చోబెట్టుకో. నీ ఇంటర్వ్యూ ఈ నెల 18న కదూ? 19న నాకు ఉత్తరం పడాలి.