గొడ్ల డాక్టర్‌కి సన్మానమా అన్నవారికి

మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. మా తెలుగు ఇంట్లో విన్నది, రిటైరైనాక పెద్ద బాలశిక్ష ముందు పెట్టుకుని కూడబలుక్కున్నది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, విషయాన్ని మాత్రం దాటేయకండి.

పోయిన ఆదివారం ఉగాది సన్మానాల జాబితా చదివారు. ముగ్గురు ఎంబీబీఎస్ పిల్లలు, ఐఏఎస్ ప్రిలిమ్స్ పాసైన ఒక అబ్బాయి (మెయిన్స్ ఇంకా రాయలేదు), అమెరికాలో ఇల్లు కొన్న ఒక ఇంజనీరు. మన వీధి అమ్మాయి బీవీఎస్సీ, ఎంవీఎస్సీ ముగించి పశువుల జబ్బుల మీద పీహెచ్‌డీలో చేరింది, ఆ పేరు కూడా చేర్చండి అని మేము అడిగాము. "గొడ్ల డాక్టర్‌కి సన్మానమా? రేపు కోళ్ళ డాక్టర్‌కి కూడా శాలువా కప్పమంటారు" అన్నారు ఒక పెద్దమనిషి. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మంది ముత్తాతలు గొడ్లను తోలుకుంటూ ఈ సీమకు వచ్చినవాళ్ళే. ఆ అమ్మాయి నాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా నవ్వాడు. మాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చినాక తట్టింది, ఇక్కడ రాస్తున్నాము.

ముసర జబ్బు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. తమిళంలో వెక్కై అనేవారు, ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్. ముందు జ్వరం, కళ్ళవెంట నీరు, నోటి నిండా పుండ్లు, తరువాత ఆగని పారుడు. వారం పది రోజుల్లో దొడ్డి ఖాళీ. మా అవ్వ ఏ సంగతి చెప్పినా "గొడ్లు పోయిన ఏడు" అని దాన్నిబట్టే లెక్క చెప్పేది. గొడ్డు పోతే దుక్కి లేదు, దుక్కి లేకపోతే గింజ లేదు. 1880ల చివర ఈ జబ్బు ఆఫ్రికాకు పాకినప్పుడు ఇథియోపియాలో పశువులు చాలావరకు పోయి మహా కరువు వచ్చింది, జనంలో మూడో వంతు పోయారని అంచనా. ఇటలీ సైన్యం కోసం మన దేశం నుంచి ఓడలో తెచ్చిన పశువులతోనే అది అక్కడికి చేరిందని చాలామంది చరిత్రకారులు అంటారు. ఇది మనకు సంబంధం లేని కథ కాదు.

ఇప్పుడు వాల్టర్ ప్లౌరైట్ సంగతి. 1923లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో పుట్టాడు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీలో 1944లో పట్టా తీసుకుని సైన్యంలో పశువైద్య విభాగంలో చేరాడు. అక్కడే ఇంగ్లండులో క్లినిక్ పెట్టుకుని గుర్రాలు, కుక్కలు చూసుకుంటూ హాయిగా ఉండవచ్చు. ఆయన కెన్యాకు పోయాడు, నైజీరియాకు పోయాడు, మళ్ళీ కెన్యాలో ముగూగా అనే ఊళ్ళోని పరిశోధన కేంద్రానికి వచ్చి ఏళ్ళ తరబడి ఉండిపోయాడు.

ముసరకు అంతకుముందు టీకా లేదని మేము అనడం లేదు. మన ముక్తేశ్వర్‌లోనే 1920లలో ఎడ్వర్డ్స్ అనే ఆయన ఆ వైరస్‌ను మేకల్లో వరసగా ఎక్కించి పదును తగ్గించాడు. ఆ మేక టీకా మన దేశంలో లక్షల పశువులను కాపాడింది. కానీ నాటు పశువుకు సరిపోయిన ఆ టీకా, తట్టుకునే శక్తి తక్కువ ఉన్న జాతులకు వేస్తే జబ్బు చేసేది. ప్లౌరైట్ మేకను వదిలిపెట్టాడు. దూడ మూత్రపిండం నుంచి తీసిన కణాలను గాజు గొట్టాల్లో పెంచి, వాటిలో వైరస్‌ను పెంచాడు. ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి, అక్కడి నుంచి ఇంకోదానికి, ఇలా దాదాపు తొంభై సార్లు. చివరకు జబ్బు చేసే శక్తి పోయి, కాపాడే శక్తి మాత్రం మిగిలింది. ఏ జాతి పశువుకైనా వేయవచ్చు, ఒక్క సూది చాలు, ఖర్చు కూడా తక్కువ. 1960ల మొదట్లో వచ్చిన మాట ఇది. తొంభై సార్లు అంటే ఎన్ని నెలలు, ఎన్ని పాడైపోయిన గొట్టాలు ఉంటాయో మీరే అనుకోండి. ముప్పై ఏడేళ్ళు లెడ్జర్లు రాసిన మాకు ఆ ఓపిక విలువ కొంచెం తెలుసు.

మాకు ఇంకా నచ్చిన సంగతి ఒకటుంది. వైల్డ్‌బీస్ట్ అనే అడవి జంతువులు ఈనే కాలంలో వాటి దగ్గర మేసిన మా ఆవులు చచ్చిపోతాయని అక్కడి మసాయి కాపరులు చెప్పుకునేవారు. చదువురాని వాళ్ళ మాట అని ఈయన తోసిపుచ్చలేదు. పరీక్ష చేసి ఆ జంతువుల నుంచే వైరస్‌ను వేరుచేసి చూపించాడు. కాపరులు చెప్పింది నిజమే.

ఇదంతా అయ్యాకనే ఆయనకు కుర్చీ వచ్చింది. 1971లో రాయల్ వెటర్నరీ కాలేజీలో ప్రొఫెసర్, 1978లో కాంప్టన్ పరిశోధన సంస్థలో సూక్ష్మజీవుల విభాగానికి అధిపతి, 1981లో రాయల్ సొసైటీ ఫెలో, 1999లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్. ముందు కొట్టంలో పని, తరువాత కుర్చీ. మన దగ్గర ముందు వేదిక, మైకు, తరువాత పని ఉంటే చూద్దాం. (ఈ మాట ఎవరినీ ఉద్దేశించి కాదు. ఉద్దేశించినవారికి తెలుసు.)

మన దేశంలో ముసర చివరిసారి కనబడింది 1995లో. ఎక్కడో కాదు, మన తమిళనాడులోనే, ఉత్తర ఆర్కాడు ప్రాంతంలో. 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మనుషుల్లో మశూచి తరువాత భూమి మీద నుంచి పూర్తిగా తుడిచిపెట్టిన జబ్బు ఇదొక్కటే. ప్లౌరైట్ అంతకు ఏడాది ముందే, 2010లో పోయాడు. ఆయన ఒక్కడే చేశాడని మేము చెప్పం. ఐస్ పెట్టె సైకిల్‌కి కట్టుకుని ఊరూరా తిరిగి సూదులు వేసినవాళ్ళ పేర్లు ఎవరి దగ్గరా లేవు. వాళ్ళనూ మనం గొడ్ల డాక్టర్లు, గొడ్ల కాంపౌండర్లు అనే అన్నాము.

"ఆయన తెలుగువాడు కాదు గదా, మన సంఘానికి ఎందుకు" అని ఒకరు ఫోన్ చేసి అడిగారు. అన్నా, తెలుగువాళ్ళను వెదికి జాబితా రాసి, ఆపైన ఏ కులం అని ఆరా తీసి వాట్సాప్‌లో పంపుకోవడానికి మనకు ఎప్పుడూ ఓపిక ఉంది. మన వీధిలోనే ఉన్న తెలుగు అమ్మాయి, రాణిపేటలో టీకాలు ఎలా తయారవుతాయో చూసి వచ్చి మాకు పూసగుచ్చినట్టు చెప్పిన అమ్మాయి, ఆ జాబితాకు ఎందుకు పనికిరాలేదు?

ఇంకో మాట. వేపేరి వెటర్నరీ కాలేజీ 1903 నుంచి ఉంది. పశువైద్యానికని ప్రత్యేకంగా ఒక యూనివర్సిటీ దేశంలో మొదట పెట్టింది తమిళనాడే, 1989లో. అక్కడ సీటు వచ్చిందని ఒక పిల్ల చెబితే మన ఇళ్ళలో మొదటి మాట ఏమిటి? "పోనీలే, వచ్చే ఏడు మళ్ళీ నీట్ రాద్దువులే." ఇష్టపడి చేరిన పిల్లను కూడా ఓడిపోయినట్టు చూస్తాము. చదువు ముగించినాక బ్యాంకు పరీక్ష రాయమంటాము. ల్యాబులో ఇరవై ఏళ్ళు కూర్చోవలసిన మనిషిని మొదటి ఏడే లేపేసి, మనవాళ్ళలో సైంటిస్టులు లేరని ఉగాది సభలో బాధపడతాము.

మేము గూడ్స్ ఆఫీసులో ఉన్నప్పుడు పశువుల డాక్టరు సర్టిఫికెట్ లేకుండా వ్యాగన్‌లోకి ఒక్క దూడను కూడా ఎక్కించేవాళ్ళం కాదు. ఎంత పెద్ద వ్యాపారి వచ్చినా ఆ సంతకం కోసం నిలబడవలసిందే. ఆ సంతకానికి ఉన్న మర్యాద మన సంఘంలో లేకపోయింది.

సెక్రటరీగారికి ఉత్తరం ఇచ్చాము, వెనక వరసలో కూర్చునే మేము ఆరుగురం సంతకాలు పెట్టాము. వచ్చే కార్యవర్గ సమావేశంలో మొదటి అంశంగా ఆ అమ్మాయి పేరు పెట్టాలి. శాలువా ఖర్చు సంఘానికి బరువైతే మా పెన్షన్‌లోంచి ఇస్తాము. ఆ రోజు నవ్విన పెద్దమనిషే ఆ శాలువా కప్పాలని కూడా రాశాము.