ముందుదే బావుంది!

మన ఇళ్ళలో కొన్ని మాటలకి ఆలోచనతో పనిలేదు. నోరు తెరిస్తే చాలు, వాటంతటవే వచ్చేస్తాయి. రెండో కోడలు కాపురానికొచ్చిన మూడోరోజున "పెద్దదే నయం" అంటారు. గ్రైండర్లో రుబ్బిన పిండి చూసి "రోట్లో రుబ్బిందే రుచి" అంటారు - రుబ్బింది తాము కాదు గనక. అలాగే పాటలు కట్టేవాళ్ళు రెండో ఆల్బమ్ తీసుకొచ్చారనుకోండి, వినీ వినకముందే "ముందుదే బావుంది" అనేస్తారు.

ఇంత చిన్నమాటకి అంత రాద్ధాంతం ఎందుకమ్మా అని మీరు అడగొచ్చు. చిన్నమాటే. కానీ యీ చిన్నమాట ఎక్కడెక్కడ ఎవరెవరి చేతులు కట్టేస్తోందో అరకులో కళ్ళారా చూశాకనే నేను కలం పట్టుకున్నాను.

ముందు ఆ ఆల్బమ్ సంగతి చెప్పాలి. బెంగుళూరులో 'అగం' అని ఒక బృందం వుంది. హరీష్ శివరామకృష్ణన్ అనే అతను పాడతాడు, ఫిడేలూ వాయిస్తాడు. వీళ్ళు మన కర్ణాటక కీర్తనల్ని తీసుకుని ఎలక్ట్రిక్ గిటార్లతో, డ్రమ్ములతో వాయిస్తారు. తమది కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. ప్రోగ్రెసివ్ మెటల్ అని ఇంకొకటుంది, దానికిది పక్కవాటాలో వుండే చుట్టం అనుకోండి. మెటల్ అంటే గిన్నెలూ తపేలాలూ కాదు లెండి. గిటార్ని గరగరలాడించి, డ్రమ్ములు హోరెత్తించే పాశ్చాత్య సంగీతం. దానికి ముందు 'ప్రోగ్రెసివ్' అని చేరిస్తే, పాట మూడు నిమిషాల్లో ముగియదు, తాళం నడుమ నడుమ మారిపోతుంది, పల్లవి మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం, వాయించేవాడికి మాత్రం చెయ్యి బాగా తిరిగివుండాలి.

అగం వాళ్ళ మొదటి ఆల్బమ్ 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్' 2012లో వచ్చింది. రెండోది 'ఎ డ్రీమ్ టు రిమెంబర్', 2017లో. ఈ రెండోదాంట్లో త్యాగరాజస్వామి వారి 'మనవ్యాలకించరాదటే' వుంది. నళినకాంతి రాగం. మనలో చాలామంది చిన్నప్పుడు సంగీతం మేష్టారి ముందు బాసింపట్టు వేసుక్కూచుని నేర్చుకున్నదే.

మొన్న డిసెంబరులో మావాళ్ళం పదకొండుగురం విశాఖపట్నం నుంచి కిరండూల్ పాసెంజర్లో అరకు బయల్దేరాం. 2017 నుంచి అద్దాల బోగీలు వచ్చాయిగానీ, పదకొండుగురికి అందులో టిక్కెట్లు కొనేటంత ఉదారులు మా ఇంట్లో లేరు. కొత్తవలస దాటాక మా తమ్ముడి కూతురు తన ఫోనులో యీ కీర్తన పెట్టింది. శృంగవరపుకోట వచ్చేసరికే తీర్పులు మొదలయ్యాయి.

మా ఆడపడుచు ఏడేళ్ళు సంగీతం నేర్చుకున్న మనిషి. "త్యాగయ్యగారి పీక పిసికేశారు" అంది. మా మేనల్లుడికి యిలాంటి సంగీతం కొట్టినపిండి. వాడు పెదవి విరిచి, "వీళ్ళది ఫస్ట్ ఆల్బమే బావుందత్తా. ఇందులో ఆ వేడి లేదు" అన్నాడు. మావారు "మాట ఒక్కటీ తెలియడంలేదు" అన్నారు. మా తోడికోడలు "ఇంకా ఎంతసేపు?" అని పులిహోర డబ్బా మూత తీసింది. ఆ దారిలో యాభై పైచిలుకు సొరంగాలున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలంతా ఒక్కసారి కేకలు పెడతారు. ఆ కేకల్లో, పులిహోర వడ్డనలో, అమ్మకాలవాళ్ళ అరుపుల్లో ఆ కీర్తన సగమైనా ఎవరి చెవినా పడలేదు. తీర్పులు మాత్రం నాలుగు వచ్చాయి. త్యాగయ్య తన మనసుని బతిమాలుకుంటాడు చూడండి, నా మనవి కాస్త ఆలకించరాదా అని! ఆ కీర్తనకే పట్టింది యీ గతి.

ఇక ఒక్కొక్కటే చూద్దాం. ముందు మా ఆడపడుచు మాట. పరాయి వాద్యాలతో కీర్తన మైలపడుతుందంటుంది ఆవిడ. మరి ఆవిడ చెవికోసుకునే ఫిడేలు ఎక్కడిదండీ? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దొరల వాద్యాన్ని పట్టుకుని మన పాటకి మలిచాడు. ఆ తర్వాత అది మనదై, మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో విజయనగరం పేరు నాలుగుచెరగులా మోగింది. పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ పట్టుకుని కచేరీ చేసినప్పుడు మనం పొంగిపోలేదా? మా ఆడపడుచు ఇంట్లో ఆయన కాసెట్లు ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల పక్కనే వుంటాయి. తీగకి కరెంటు పెడితే మైలపడని త్యాగయ్య, డ్రమ్ము కొడితే మైలపడతాడా?

"తాళం తప్పుతోంది" అని కూడా అందావిడ. తప్పడంలేదు. మారుతోంది. మిశ్రచాపు ఏడు, ఖండచాపు అయిదు అని తొడమీద వేసుకుంటూ పెరిగినవాళ్ళం. ఏడూ, అయిదూ లెక్కల్లో నడిచే పాట మన చెవికి కొత్తా? ఆ మాటకొస్తే యీ ప్రోగ్రెసివ్ వాళ్ళ లెక్క మామూలు సినిమా పాట వినేవాళ్ళకంటే మా ఆడపడుచుకే ముందు అంతుపట్టాలి. వింటే!

నాకు మాత్రం అంతా నచ్చేసిందనుకోకండి. కొన్నిచోట్ల డ్రమ్ముల హోరులో సంగతులు మునిగిపోయాయి. నళినకాంతి లాంటి సుకుమారమైన రాగానికి అంత జోరు ఎందుకని నాకూ అనిపించింది. అయితే ఆ ముక్క చెప్పడానికి నేను తలుపేసుకుని నాలుగుసార్లు విన్నాను.

మేనల్లుడి మాట ఇంకో రకం. అమెరికాలో డ్రీమ్ థియేటర్ అని ఒక బృందం వుంది. ప్రోగ్రెసివ్ మెటల్ అనగానే ముందు చెప్పే పేరు. 1989లో వాళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చి పెద్దగా చప్పుడు చెయ్యకుండానే పోయింది. 1992లో రెండోది, 'ఇమేజెస్ అండ్ వర్డ్స్'. అప్పటికి పాడే మనిషి కూడా మారాడు. దాని మొదటి పాట ఎనిమిది నిమిషాలు సాగి సాగి, కత్తెరతో కత్తిరించినట్టు టక్కున ఆగిపోతుంది. ఆరోజుల్లో టేపు పాడైందేమో అనుకున్నవాళ్ళున్నారట! డ్రమ్ము దెబ్బ మనిషి కొట్టినట్టు లేదు, యంత్రం కొట్టినట్టుందని ఇప్పటికీ సణిగేవాళ్ళున్నారు. వాయించిన మైక్ పోర్ట్‌నాయ్‌కే ఆ శబ్దం నచ్చలేదు. అయినా తర్వాత ఆ దారిన నడిచిన వాళ్ళందరికీ ఆ రెండో ఆల్బమే ఒజ్జబంతి అయింది. ఆ సణుగుడు మీద నాకు గౌరవం వుంది. ఏ దెబ్బ దగ్గర ఏం తేడా వచ్చిందో చెప్పడానికి ఎన్నిసార్లు విని వుండాలి! మా మేనల్లుడు విన్నది ఒక కీర్తనలో రెండు నిమిషాలు. ఆల్బమ్ మొత్తం మీద తీర్పు చెప్పేశాడు. వాడికి నచ్చింది ఆ మొదటి ఆల్బమ్ కాదు, అది విన్నప్పటి తన వయసు. పందొమ్మిదేళ్ళప్పుడు హాస్టల్లో విన్నదానికి ముప్ఫై దాటాక ఇ.ఎం.ఐ.లు కట్టుకుంటూ విన్నది ఎలా సరితూగుతుంది?

సరే, ఇదంతా రైల్లో సంగతి. అసలు కోపం రాత్రికి వచ్చింది.

మేము దిగిన రిసార్టులో చలిమంట వేసి, థింసా ఏర్పాటుచేశారు. తుడుము, డప్పు, మోరి, జోడుకొమ్ములతో మగవాళ్ళు ఒక పక్క. ఆడవాళ్ళు పదిహేనుమంది, ఒకరి నడుము వెనక ఒకరు చేతులు అల్లుకుని గొలుసుకట్టు. కాళ్ళ కడియాల చప్పుడు అడుగడుక్కీ ఒకేసారి పడుతోంది. అయిదు నిమిషాలైందో లేదో, మా వరసలోంచే "ఒకటే దరువు", "ఇంతేనా, ఇంకేమీ వుండదా?" అని మొదలు. పక్క కుటుంబం వాళ్ళు లేచివెళ్ళి, ఆ గొలుసు మధ్య దూరి ఫోటోలు తీయించుకున్నారు. పావుగంట కాగానే మేనేజరు చెయ్యూపాడు. మోరి ఊదుతున్న పెద్దాయన ఊపిరి మధ్యలోనే ఆపేశాడు. వెంటనే స్పీకర్లలో సినిమా పాట మోగింది. చప్పట్లు దానికి పడ్డాయి.

ఒకటే దరువా? థింసాలో ఎన్ని రకాలున్నాయో తెలుసునా? గ్రామదేవతని కొలుస్తూ ఆడేది బోడ థింసా. వంగి లేస్తూ వూగేది గొడ్డిబేట. ఆకులేరడాన్ని చూపేది పొతర్‌తోల. పులి మీదపడితే ఎలా తప్పించుకోవాలో చూపేది బాగ్ థింసా. భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ ఆడేది కుండ థింసా. పూనకం వచ్చిన గురువుని చూపేది బాయ థింసా. చైత్రమాసపు పండగకీ, వేటకీ, పెళ్ళికీ ఆడతారు. బగత, వాల్మీకి, కొండదొర, కోటియ, పోర్జ, గదబ - ఎన్ని తెగలవాళ్ళకో యీ ఆట ఉమ్మడి సొత్తు. ఊళ్ళో అయితే ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరికి వెళ్ళి ఆడి, కలిసి భోంచేసి వస్తారు. మనం చూసింది అందులో చిటికెడు ముక్క. ఆ ముక్కని చూసి "ఇంతేనా" అంటాం. ఎనిమిది నిమిషాల పాట విని "ఇంకా ఎంతసేపు" అన్న మనిషే, పావుగంట ఆట చూసి "ఇంతేనా" అంది! మా తోడికోడలే. నేను పేరు చెప్పకపోయినా తనకి తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఆ రిసార్టు ఆఫీసులో అడిగాను, మధ్యలో ఎందుకు ఆపేశారని. ఆ కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు. "ముందు అరగంట వుండేదమ్మా. వచ్చినవాళ్ళంతా బోరు అని రాసి వెళుతున్నారు. అందుకే తగ్గించాం. టీముకిచ్చేదీ తగ్గించాం." చూశారా? మనం పళ్ళు కుట్టుకుంటూ పారేసిన మాట, కొండమీది ఆడవాళ్ళ కొంగులో పడాల్సిన రూపాయిల్ని సగం చేసింది. అభిప్రాయమే కదా అనుకుంటాం. అదే ఆర్డరైపోతుంది.

ఇందులో ఇంకో చోద్యం వుంది. ఆ ఉదయమే మావాళ్ళందరూ అరకు కాఫీ తాగారు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అందరికీ భక్తి పెరిగింది. కప్పు మూతిదగ్గర పెట్టుకుని వాసన చూడ్డమేమిటి, గుక్క నోట్లో నిలిపి కళ్ళుమూసుకోవడమేమిటి, "చివర్న కాస్త తియ్యదనం తగుల్తోంది కదూ" అనడమేమిటి! కాఫీగింజకి అంత ఓపిక. ఆ గింజ కోసే చేతులు నడుములు పట్టుకుని ఆడితే పావుగంట ఓపిక లేదు.

మా తమ్ముడి కూతురి విషయం కూడా చెప్పేస్తాను, ఎలాగూ మొదలుపెట్టాను గనక. ఆ పిల్లకి పదహారేళ్ళు. రెండేళ్ళుగా డ్రమ్ములు నేర్చుకుంటోంది. ఆ రాత్రి అందరూ సినిమా పాటకి గెంతుతుంటే, అది తుడుము కొట్టే ఆయన పక్కన కూచుని, మోకాలిమీద వేళ్ళతో దరువు లెక్కపెట్టుకుంటోంది. ఆయన రెండుసార్లు నెమ్మదిగా కొట్టి చూపించాడు. మూడోసారి దీనికి పట్టుబడింది. తిరుగు రైల్లో పెద్దలంతా కూడి దానిమీద కూడా తీర్పు చెప్పేశారు. "ముందు వీణ నేర్చుకున్నావు చూడు, అదే బావుండేది. ఆడపిల్లకి డ్రమ్ములేమిటి?" ఫీజు దండగ కాబట్టి ఉగాది తర్వాత మాన్పించాలట. ఆ పిల్ల వాయించగా విన్నవాళ్ళు ఆ పదిమందిలో ఎవరైనా వున్నారా? నేనొక్కదాన్నే విన్నాను. అదీ వాళ్ళ మేడమీది గదిలో, తలగడలు అడ్డం పెట్టించి.

ఆడవాళ్ళకి దరువు తగదన్న మాట కొత్తదేం కాదు. పాల్ఘాట్ మణి అయ్యర్ అంతటి విద్వాంసుడు చాలాకాలం ఆడవాళ్ళ పాటకి మృదంగం వాయించనన్నాడు. చివరికి డి.కె. పట్టమ్మాళ్‌కి వాయించాడు. మన నిడుమోలు సుమతిగారు మృదంగం మీదే జీవితమంతా గడిపి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆవిడ చిన్నతనంలో "ముందు పాట నేర్చుకో, అదే బావుంటుంది" అని ఇంట్లోవాళ్ళు మృదంగం లాగేసుకుని వుంటే? ఆవిడ అదృష్టం, తండ్రి రాఘవయ్యగారే మృదంగ విద్వాంసుడు.

నచ్చలేదని చెప్పొద్దని నేననడంలేదు. చెప్పండి, గట్టిగానే చెప్పండి. వంకాయకూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికైనా ఒక ముద్ద తినాలి కదా? మనం విస్తట్లో చెయ్యి పెట్టకుండానే వంటమనిషిని మాన్పిస్తున్నాం.

తమ్ముడితో మాట్లాడాను. వచ్చే ఏడాది డ్రమ్ముల ఫీజు నేను కడతానన్నాను. వాడు గొణిగాడు, కాదనలేదు. మరదలు ఇంకా నాతో ముభావంగానే వుంది. చైత్రంలో పండగ రోజుల్లో, రిసార్టులో కాకుండా ఏదైనా ఊళ్ళో, వాళ్ళు రానిస్తే, థింసా మొదలైనప్పట్నించీ ఆగేదాకా కూచుని చూడాలని నేనూ ఆ పిల్లా అనుకున్నాం. టిక్కెట్లు రెండే తీశాను. మిగతా తొమ్మిదిమందికీ చెప్పలేదు.