అమ్మానాన్నల కాలమ్

మా సీనియర్ ఒకన్న ఎంఎస్ కోసం ఒక ఎక్సెల్ షీట్ తయారు చేశాడు. మా బ్రాంచ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరగని రోజు లేదు. దేశం, యూనివర్సిటీ, ర్యాంకింగ్, ఫీజు, పార్ట్‌టైమ్ గంటలు, చదువయ్యాక ఎన్నేళ్ళు ఉద్యోగం వెతుక్కోవచ్చు, చివరికి చలి ఎంత అన్నదానికి కూడా కాలమ్ ఉంది. నేను ఒక కాపీ తీసుకుని పక్కన ఇంకో కాలమ్ పెట్టాను: "పెద్దయ్యాక అమ్మానాన్న ఇక్కడికి వచ్చి ఉండొచ్చా?"

అరగంట పని అనుకున్నా. మూడు రాత్రులు పట్టింది.

ముందు "రిటైర్మెంట్ వీసా" అని వెతికాను. చాలా దేశాలే ఇస్తున్నాయి. థాయ్‌లాండ్‌ది చదివితే అచ్చం ఫస్టియర్ సీ ల్యాబ్‌లో రాసే ఇఫ్-ఎల్స్‌లా ఉంది. వయసు 50 దాటిందా? థాయ్ బ్యాంకులో 8 లక్షల భాట్లు ఉన్నాయా, లేదా నెలకి 65 వేల భాట్ల ఆదాయం ఉందా? అయితే రండి. మన లెక్కలో ఆ డిపాజిట్ 20 లక్షల రూపాయల పైమాటే. ఏటా రెన్యూ చేయించుకోవాలి, 90 రోజులకోసారి "నేనిక్కడే ఉన్నాను" అని ఇమిగ్రేషన్‌కి చెప్పుకోవాలి. అద్దెకున్నవాళ్ళు ఓనర్‌కి కనిపించినట్టన్నమాట.

పనామా ఇంకా సూటిగా ఉంటుంది. వయసు కూడా పెద్దగా పట్టించుకోదు, జీవితాంతం వచ్చే పెన్షన్ నెలకి వెయ్యి డాలర్లు ఉంటే చాలు. హోటల్ భోజనం మీద, సినిమా టికెట్ మీద డిస్కౌంట్లు కూడా ఉన్నాయి. పోర్చుగల్ డీ7 వీసాకి అక్కడి కనీస వేతనమంత ఆదాయం కూర్చున్నచోటికే రావాలి, 2025 లెక్కన అది నెలకి 870 యూరోలు. స్పెయిన్ దాదాపు 2,400 యూరోలు అడుగుతుంది, పైగా వచ్చాక పని చేయనని ఒప్పుకోవాలి. దుబాయ్‌లో 55 దాటినవాళ్ళకి 5 ఏళ్ళ వీసా ఉంది, దానికున్న దారుల్లో ఒకటి 10 లక్షల దిర్హాముల సేవింగ్స్. కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి వెళ్ళి ఆ ఊళ్ళో టవర్లు కట్టినవాళ్ళు ఉద్యోగం పోతే సామాను సర్దుకోవాల్సిందే. ఈ వీసా వాళ్ళ కోసం పెట్టింది కాదు.

మలేషియా కథ వేరు. 2002 నుంచి "మలేషియా మై సెకండ్ హోమ్" అని స్కీమ్ నడుపుతోంది. 2021లో ఒక్కసారిగా నెలవారీ ఆదాయం షరతుని 10 వేల రింగిట్ల నుంచి 40 వేలకి పెంచేసింది. తర్వాత మళ్ళీ మార్చి సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని పెట్టింది. జిమ్ మెంబర్‌షిప్‌లా. 25 ఏళ్ళవాడైతే రూల్ మారినప్పుడు ఇంకో దేశం చూసుకుంటాడు. ఇల్లమ్ముకుని వెళ్ళిన 70 ఏళ్ళ మనిషి ఏం చేస్తాడు?

ఇప్పుడు మన ఇళ్ళకి వద్దాం. ప్రైవేటు ఉద్యోగంలో పీఎఫ్‌తోపాటు వచ్చే ఈపీఎస్ పెన్షన్‌కి 2014లో పెట్టిన కనీస మొత్తం నెలకి వెయ్యి రూపాయలు. 15 వేల జీతం పరిమితి మీద 35 ఏళ్ళు పనిచేస్తే ఫార్ములా ప్రకారం వచ్చేది 7,500. పనామాలోనూ వెయ్యే, ఇక్కడా వెయ్యే. అక్కడ డాలర్లు, ఇక్కడ రూపాయలు. మా నాన్నది ప్రైవేటు ఉద్యోగమే కాబట్టి ఈ లెక్క రెండోసారి వేయలేదు.

ఇదంతా నాయనమ్మకి ఫోన్లో ఉత్సాహంగా చెప్తే అంతా విని ఒకటే అడిగింది: "థాయ్‌లాండ్‌లో మనకెవరున్నార్రా?"

నిజమే. వీసా అమ్మే దేశాల్లో మనవాళ్ళు తక్కువ. మనవాళ్ళున్న దేశాలు దాన్ని అమ్మవు. అమెరికాకి అసలు రిటైర్మెంట్ వీసానే లేదు. హెచ్‌1బీ మీద భార్య లేదా భర్త, 21 ఏళ్ళలోపు పిల్లలు వస్తారు, తల్లిదండ్రులు రాలేరు. వాళ్ళకున్నది విజిటర్ వీసా, మామూలుగా ఆర్నెల్లు. కొడుకో కూతురో సిటిజన్ అయితే తల్లిదండ్రులకి గ్రీన్‌కార్డ్ పెట్టొచ్చు, అందులో కోటా అడ్డు కూడా లేదు. కానీ మనవాళ్ళ ఈబీ2 లైను 2025లో కూడా 2013 చుట్టుపక్కలే ఉంది. గ్రీన్‌కార్డ్ వచ్చాక సిటిజన్‌షిప్‌కి ఇంకో 5 ఏళ్ళు. ఈలోగా మా అమ్మకి ఎన్నేళ్ళు వస్తాయో మీరే వేసుకోండి.

నాయనమ్మ అమెరికా మూడుసార్లు వెళ్ళింది. రెండుసార్లు పెద్దమ్మకి పురుడు పోయడానికి, ఒకసారి పిల్లల్ని చూసుకోవడానికి. ఆవిడ ఎత్తుకుని తిప్పగలిగినన్నాళ్ళూ ఆర్నెల్ల వీసా అందరికీ సరిపోయింది. ఇప్పుడు మోకాళ్ళు పనిచేయట్లేదు. ఇప్పుడు కావలసిన వీసా లేదు.

కెనడా కొంచెం నయం. సూపర్ వీసా మీద ఒక విడతలో 5 ఏళ్ళు ఉండొచ్చు. పిల్లలు పీఆర్ గానీ సిటిజన్ గానీ అయ్యుండాలి, ఆదాయం చూపించాలి, లక్ష డాలర్ల ఇన్సూరెన్స్ కట్టాలి. ఆస్ట్రేలియాలో మామూలు పేరెంట్ వీసాకి వెయిటింగ్ 30 ఏళ్ళ పైనే. త్వరగా కావాలంటే మనిషికి 40 వేల డాలర్లకి పైగా కట్టే క్యూ ఉంది, అదీ ఏళ్ళ తరబడే.

వాళ్ళ వైపు న్యాయం లేదని నేననను. ఆస్ట్రేలియా ప్రొడక్టివిటీ కమిషన్ 2016లో లెక్కగట్టింది: అలా వచ్చిన ఒక్కో పెద్దమనిషి మీద జీవితకాలంలో ప్రభుత్వానికి పడే భారం 3,35,000 నుంచి 4,10,000 డాలర్లు. ఆసుపత్రి ఖర్చు ఎవరో ఒకరు కట్టాలి కదా. ఒప్పుకుంటా. కానీ అదే లెక్కలో ఆ పెద్దావిడ పిల్లల్ని పెంచితే మిగిలిన డేకేర్ డబ్బులు, మూడేళ్ళ వయసులో నేను ఆవిడ దగ్గర నేర్చుకున్న తెలుగు ఎక్కడ వేస్తారు?

అన్నట్టు మన దేశానికి రిటైర్మెంట్ వీసా లేదుగానీ ఓసీఐ కార్డుంది. పౌరసత్వం వదులుకున్న మనవాళ్ళు జీవితాంతం ఇక్కడుండొచ్చు, పొలం మాత్రం కొనకూడదు. అంటే పెద్దవాళ్ళు అటు వెళ్ళడం కంటే పిల్లలు ఇటు రావడమే కాగితం మీద తేలిక. ఈ సంగతి నాకు ఏ కన్సల్టెన్సీ సెమినార్‌లోనూ ఎవరూ చెప్పలేదు.

వెళ్ళొద్దని చెప్పడానికి ఇదంతా రాయలేదు. నేనూ వెళ్తాననే అనుకుంటున్నా. చలికి కాలమ్ ఉన్నప్పుడు దీనికీ ఒకటి ఉండాలంటున్నా, అంతే. సీనియరన్న షీట్ చూసి "బాగుంది, కానీ వెయిటేజ్ ఎంతిస్తావ్?" అన్నాడు. ర్యాంకింగ్‌కి 25, ఫీజుకి 20 ఉన్నాయి. దీనికి 20 పెట్టాను. నా టాప్ ఐదులో మూడు కిందకి జారిపోయాయి. అమ్మకి ఇంకా చెప్పలేదు.