జరిమానా రాసిన చట్టం రోగిని మరిచింది

ఉప్పుగూడ రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో నాది జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం. కరోనా కాలపు కాగితాలు చాలానే నా చేతుల మీదుగా పోయాయి. మాస్కు లేదని వేసిన వెయ్యి రూపాయల చలాన్లు కట్టించాను, చనిపోయినవాళ్ల తాలూకు సాయానికి దరఖాస్తులూ నింపాను. చలాన్‌కు ఏ రుజువూ అక్కర్లేకపోయింది. సాయం కావాలంటే మాత్రం చావును రుజువు చేయాల్సి వచ్చింది.

లోపం చట్టంలోనే ఉంది. 2020 మార్చిలో సర్కారు బయటికి తీసిన అంటువ్యాధుల చట్టం 1897 నాటిది, బొంబాయి ప్లేగు కోసం తెల్లదొరలు తెచ్చింది. అప్పటికి అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. ప్రభుత్వానికి అధికారాలు, మాట విననివారికి శిక్ష, అధికారులపై దావా పడకుండా రక్షణ. రోగికి మంచం ఇవ్వాలనో, బిల్లు ఇంత దాటకూడదనో ఒక్క ముక్క లేదు. అదే ఏడాది సవరించి, వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలన్నారు. గాంధీ ఆస్పత్రిలో డాక్టర్ల మీద చెయ్యి చేసుకున్న రోజులవి, ఆ సవరణ కావాల్సిందే. రోగి ఊసు అప్పుడూ ఎత్తలేదు.

చట్టం వదిలేసినదాన్ని కోర్టులు చూసుకోవాల్సి వచ్చింది. పరీక్షలు సర్కారు చెప్పిన చోటే చేయించుకోవాలన్న ఆంక్షను 2020 మేలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడాది మేలో ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను సరిహద్దులో ఆపేలా రాష్ట్ర సర్కారు ఉత్తర్వు ఇస్తే, దానిపై స్టే ఇచ్చింది. బిల్లుల సంగతికొస్తే, ప్రైవేటు ఆస్పత్రుల్లో వెంటిలేటర్‌తో ఐసీయూకు రోజుకు 9,000 రూపాయలని జీవో అయితే వచ్చింది. ఖరీదైన మందులు, పీపీఈ కిట్లు అందులో చేర్చలేదు, ఇక బిల్లుకు అడ్డేముంది?

చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలని కేంద్రం 2020 మార్చి 14న రాసి, ఆ రోజే వెనక్కి తీసుకుంది. సాయం ఇచ్చి తీరాలని 2021 జూన్ 30న సుప్రీంకోర్టు చెప్పాకే 50,000 ఖరారైంది. అప్పుడు మా గల్లీలో ఒకమ్మ భర్త మరణపత్రాలు తెచ్చింది. దవాఖాన కాగితంలో గుండె ఆగిందని ఉంది. "తమ్మీ, కరోనాతోనే పోయిండని బస్తీ మొత్తానికి ఎరుకే, కాయితంల ఎందుకు రాయలే?" అని అడిగింది. కొడుకు పాత ఫోన్‌లో పాజిటివ్ అని వచ్చిన మెసేజ్ దొరికింది. పరీక్షైన 30 రోజుల్లోపు చనిపోతే కరోనా మరణంగానే లెక్కించాలన్న మార్గదర్శకం ఉంది కాబట్టి, ఆ మెసేజ్ ప్రింటు జతచేసి పంపించాం. ఆ పగిలిన ఫోన్‌ను పారేసి ఉంటే ఆమెకు దిక్కెవరు?

1897 చట్టం చాలదని 2024లో లా కమిషన్ తన 286వ నివేదికలో చెప్పింది. కేంద్రం కదలకపోతే మన శాసనసభే కొత్త చట్టం తేవాలి, ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోదే. మంచం చూపే బాధ్యత ఎవరిది, మందులతో కలిపి బిల్లు ఎంత దాటకూడదు, మరణ కారణం ఎన్ని రోజుల్లో రాసివ్వాలి అన్నవి అందులో ఉండాలి. వాటిని పాటించని అధికారికీ జరిమానా పడాలి.