సొంత గాయాన్ని చదవొద్దంటారా?

1913లో బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనంతో బాబాసాహెబ్ అంబేడ్కర్ న్యూయార్క్ వెళ్లారు. అక్కడి కొలంబియా విశ్వవిద్యాలయంలో ఏం చదివారు? 1915లో ఎం.ఏ. కోసం ప్రాచీన భారత వాణిజ్యం మీద రాశారు. 1916 మే 9న భారతదేశంలో కులాల పుట్టుక గురించి పత్రం సమర్పించారు. ఆయన పీహెచ్‌డీ గ్రంథం బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల మీద. లండన్‌లో డి.ఎస్సీ. రూపాయి సమస్య మీద. పరాయి గడ్డ మీద కూర్చొని ఆయన చదివింది మన దేశాన్నే.

ఆ అంబేడ్కరే నేటి జాతీయ విదేశీ విద్యా స్కాలర్‌షిప్ నిబంధన కింద దరఖాస్తు పెడితే ఏమవుతుంది? తిరస్కరిస్తారు. షెడ్యూల్డ్ కులాలు, విముక్త సంచార తెగలు, భూమిలేని కూలీలు, సంప్రదాయ వృత్తికారుల పిల్లల కోసం ఉన్న పథకం ఇది. ఏడాదికి 125 మందికి ఇస్తామన్నారు. అయితే 2022 ఫిబ్రవరిలో ఒక వాక్యం చేర్చారు: భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశంపై సామాజిక అధ్యయనాలు దీని పరిధిలోకి రావు!

ఒంగోలు దగ్గర ఒక వ్యవసాయ కూలీ కూతురు ఇంగ్లండులో అభివృద్ధి, సామాజిక న్యాయం అనే అంశంలో పీజీ చేయాలనుకుందనుకుందాం. ఇలాంటి కోర్సు చివర ఒక సమాజాన్ని ఎంచుకొని పరిశోధనా వ్యాసం రాయాలి. ఈ నిబంధన ప్రకారం ఆమె కెన్యా తేయాకు తోటల కూలి గురించి రాయవచ్చు. తన తల్లి కూలి గురించి రాయకూడదు.

మన దేశం గురించి చదవడానికి ఇక్కడే నిపుణులు, గ్రంథాలయాలు ఉన్నాయి కదా అన్నారు. ఉన్నాయి. మరి సొంత డబ్బుతో వెళ్లే శ్రీమంతుల బిడ్డలను ఈ మాట అడగరేం? విదేశాల్లో భారతదేశం మీద చదువు ఆగిపోలేదు. దాన్ని చదివే అవకాశం పేదల బిడ్డలకే మూసుకుపోయింది. మన మీద పుస్తకాలు వస్తూనే ఉంటాయి, రాసేవాళ్లు మనం కాకుండా పోతాం.

పైగా పోల్చి చూడనిదే కొన్ని నిజాలు తెలియవు. అమెరికా నల్లజాతి సమస్యను బాబాసాహెబ్ శ్రద్ధగా గమనించారు. అందుకే 1946లో డు బాయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు ఇచ్చిన విజ్ఞాపన ప్రతి కోరగలిగారు. మన వేదనను ప్రపంచ వేదిక ముందుంచే దారి ఆయనకు అలా కనిపించింది. 2023లో సియాటెల్ నగరం కులవివక్షను నిషేధించింది. మన తెలుగువాళ్లు ఎందరో ఉన్న ఊరది. కులం సముద్రాలు దాటిందని ప్రపంచం గుర్తిస్తున్న వేళ, కులం గురించి చదవబోయే మన బిడ్డకు ప్రభుత్వ సాయం లేదనడం ఏ న్యాయం?

సారనాథ్‌లో తథాగతుడు మొదట చెప్పింది దుఃఖం గురించి. ఆ వెంటనే చెప్పింది దాని కారణం గురించి. కారణాన్ని వెతకనివ్వని చదువు ఎంత దూరం తీసుకెళ్లినా విముక్తి దాకా తీసుకెళ్లదు.

ఇంజనీరింగ్, వైద్యం చదవొద్దని మనం అనడం లేదు. ఏం చదవాలో విద్యార్థి నిర్ణయించుకోవాలి. ఈ స్కాలర్‌షిప్ ఎవరి దయా కాదు, మన హక్కు. ఆ వాక్యాన్ని పూర్తిగా కొట్టివేయాలని ప్రతి విహారం, ప్రతి విద్యార్థి సంఘం, ప్రతి పార్లమెంటు సభ్యుడి గడపలో అడగాలి. ‘చదువు’ అని బాబాసాహెబ్ చెప్పినప్పుడు, నీ గురించి తప్ప అని చెప్పలేదు.

జై భీమ్. నమో బుద్ధాయ.